ఆకాశం వంక చూసిన ఆటగాడి ఊళ్లో మూడు రోజులు

విశాఖపట్నం వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా ముందు సముద్రం సంగతి చెబుతారు. నేనూ చెబుతాను గానీ కాస్త ఓపిక పట్టాలి. అసలు నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పుకోవాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పక తప్పదు.

నేను ఆదోనిలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. మా ఊళ్లో పత్తి ఉంది, జిన్నింగు మిల్లులున్నాయి, ఎండ ఉంది, కావలసినన్ని బండలున్నాయి. ఫుట్‌బాల్ మాత్రం పెద్దగా లేదు. ఆ లోటు నేను పాత పేపర్లతో తీర్చుకుంటూ వచ్చాను. రాష్ట్రాల జట్లు తలపడే జాతీయ కప్పు గురించి ఎక్కడ నాలుగు ముక్కలు పడినా కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటిస్తాను. అలాంటి పుస్తకాలు తొమ్మిదయ్యాయి. మా ఆవిడ వాటికి నా రెండో సంసారం అని పేరు పెట్టింది. వాటిల్లోంచే ఈ పత్రికలో నెలనెలా కప్పు కథ రాస్తున్నాను.

చదువుతున్న వాళ్ళకి తెలుసు, అది ఎంత గొప్ప కథో. స్వతంత్రం రాకముందే మొదలైన పోటీ అది. తొలి రోజుల్లో చాలామంది వట్టి కాళ్ళతోనే ఆడేవారు. అదీ వానకు తడిసిన గడ్డి మీద, బూట్లు తొడుక్కున్న వాళ్ళకు ఎదురుగా నిలబడి. బెంగాల్ వాళ్ళు ఆ కప్పును సొంత ఇంటి సామానులాగా చూసుకున్నారు. మైసూరు వాళ్ళు వెళ్ళి లాక్కున్నారు. యాభైల్లో హైదరాబాదు వాళ్ళు వరసగా రెండుసార్లు తెచ్చారు. అరవైల్లో మన రాష్ట్రం పేరు మీద ఒకసారి గెలిచాం. డెబ్బైల్లో కేరళకి తొలిసారి దక్కింది. ఇదంతా రాస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు పులకరించేది. ఒక్క వెండి గిన్నె కోసం కొండల్లోంచి, రేవుల్లోంచి, మిల్లుల్లోంచి మనుషులు రైళ్ళెక్కి వెళ్ళి ఆడి, గెలిచో ఓడో, మర్నాడు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయేవారు.

ఆ వరసలోనే ఒక నెల, డెబ్బైల్లో జరిగిన ఒక క్వార్టర్ ఫైనల్ గురించి రాశాను. కలకత్తా అవతల, నది ఒడ్డున ఒక మిల్లు ఊళ్లో ఆట. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది, చెరో గోలు. మన జట్టు ఎడమ బ్యాకు నూకరాజు, విశాఖపట్నం పోర్టులో కూలీ, బంతి తన పక్కనుంచే దూసుకుపోతుంటే కదలకుండా నిలబడి ఆకాశం వంక చూశాడు. గోలు పడింది. అమ్ముడుపోయాడన్నారు. మళ్ళీ జట్టులోకి పిలవలేదు. అతను అలా మొహం పైకెత్తి నిలబడ్డ ఫొటో నా ఆరో పుస్తకంలో ఉంది. దాన్ని ముందు పెట్టుకుని ఇలా రాశాను: "నూకరాజుకు ఆ సాయంత్రం ఆకాశంలో నోట్ల కట్టలు ఎగురుతూ కనిపించాయి కాబోలు." రాసి నేనే నవ్వుకున్నాను. స్టాఫ్ రూములో చదివి పదిమందినీ నవ్వించాను.

నెల తిరగ్గానే విశాఖపట్నం నుంచి ఒక కార్డు వచ్చింది. రాసినవాడు మస్తాన్, పాతూళ్లో తోలు పని చేస్తాడు. స్టీలు ప్లాంటు కార్మికుల ఆటల కమిటీ వాళ్ళు ఫుట్‌బాల్ నేర్పడానికి ఒక మనిషిని పెడుతున్నారనీ, నూకరాజు పేరు దాదాపు ఖాయమైందనీ, ఇంతలో ఎవరో నా వ్యాసం తెచ్చి బల్ల మీద పెట్టారనీ, వచ్చే ఆదివారం తేల్చేస్తారనీ రాశాడు. చివర్లో ఇలా ఉంది: "మీరు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు కదా. ఒకసారి వచ్చి చూడండి. చూశాక కూడా అదే మాట అంటే నేను మళ్ళీ ఉత్తరం రాయను." మూడు రోజులు ఆ కార్డు జేబులో పెట్టుకు తిరిగాను. నాలుగో రోజు మా ఆవిడతో సముద్రం చూసొస్తానని చెప్పి బయల్దేరాను.

తునిలో ఎక్కిన బెల్లం

తునిలో ఒక పెద్దమనిషి రైలెక్కి, బుట్ట నా కాళ్ళ మీద పెట్టి, ఆ తర్వాత నన్ను చూశాడు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారమట.

"ఎటెల్తన్నారు బాబూ?"

"విశాఖపట్నం."

"ఏటి పనిమీద?"

"ఫుట్‌బాల్ పని."

"ఆడ్డానికా?" అని నా పొట్ట వంక చూశాడు. కాదని చెప్పాక ఆయన మనసు కుదుటపడింది. బుట్టలోంచి బెల్లం ముక్క విరిచి చేతిలో పెట్టాడు. మా వైపు బెల్లం నల్లగా ఉంటుంది. ఇది పసుపు పచ్చగా, నోట్లో వేసుకుంటే పంటికి పని లేకుండా కరిగిపోయింది. డబ్బులివ్వబోతే, "ముక్కకేటి డబ్బులు బావా, దిమ్మ కొన్నప్పుడిద్దురు" అన్నాడు. ఇందాకటి బాబూ అప్పుడే బావ అయిపోయింది. మా ఊళ్లో ఎవరినైనా బావా అని పిలవాలంటే ముందు వాళ్ళ చెల్లెలు మన ఇంట్లో ఉండాలి. ఇక్కడ బెల్లం ముక్క చాలు.

పాతూరు, వీధి చివర ఓడ

ద్వారకా నగర్లో బస్సుల కాంప్లెక్సు దగ్గర ఒక లాడ్జిలో సంచీ పడేసి, ఇడ్లీ తిన్నాను. చట్నీలో అల్లం ఎక్కువ, కారం తక్కువ. మా ఆదోని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అలవాటైన నాలుకకి అది పథ్యంలా అనిపించింది. అక్కణ్ణుంచి పాతూరు వెళ్ళే బస్సెక్కాను.

మస్తాన్ కొట్టు ఇద్దరు మనుషులు పట్టేంతే. ఒక పక్క పోర్టు కూలీలు వేసుకునే తోలు చేతొడుగులు, ఇంకో పక్క కుట్టు విప్పిన ఫుట్‌బాళ్ళు. మనిషి బక్కగా, గడ్డం నెరిసి ఉన్నాడు. నా పేరు చెప్పగానే సూది ఆపాడు. నమస్కారం పెట్టాడు గానీ నవ్వలేదు.

"ఒచ్చీసేరా మాస్టారూ. రారనుకున్నాను."

"వచ్చాను."

"మా నూకరాజుకి మీరే రాసేరని నాను సెప్పనేదు. సెప్తే రానివ్వొద్దంటాడు. ఆదోని నుంచి ఒక మాస్టారు పోర్టు సూడ్డానికొత్తన్నారన్నాను, అంతే. ముందు మనిషిని సూడండి. ఆదివారం మాట ఆదివారం సూద్దాం."

అలాగేనన్నాను. నాకూ అదే హాయిగా అనిపించింది. టీ తెప్పించాడు, నలభై పైసలు, గ్లాసు నిండా ఉంది. గోడకి వేలాడుతున్న ఒక పాత బంతిని దింపి నా ఒళ్లో పెట్టాడు. లోపల రబ్బరు తిత్తి పెట్టి, పైన తోలు తాడుతో బిగించే రకం. నేను ఇరవై ఏళ్ళుగా రాస్తున్న పోటీల్లో ఆడిన బంతి అలాంటిదే. నేను దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

"ఆ తాడు సూసేరా? ఓనలో తడిసినాక తలతో కొడితే నుదురు సీరీసేది. మా నాన్న ఈ బంతులు కుట్టేవోడు. నూకరాజు నుదుటి మీద గాటు కూడా మా నాన్న కుట్టిన బంతిదే."

ఆ బంతి బరువు నాకు భలే ఆశ్చర్యం కలిగించింది. ఇలాంటి దాన్ని వట్టి కాళ్ళతో ముప్ఫై గజాలు కొట్టేవాళ్ళని నేను ఎన్నిసార్లో రాశాను. రాసినప్పుడు అది నాకు ఒక వాక్యం మాత్రమే.

బయటికి వచ్చాక మస్తాన్ కిందికి వెళ్ళే సందు చూపించాడు. ఆ సందు చివర, రెండిళ్ళ మధ్య, ఒక నల్లటి గోడ మెల్లగా పక్కకి జరుగుతోంది. ఏ ఇంటి గోడో కూలిపోతోందనుకుని ఒక్క అరుపు అరిచాను. అది ఓడ. కొండకీ ఊరికీ మధ్య కాలవలాంటి దారిలోంచి రేవులోకి వస్తోంది. కిటికీలు, నిచ్చెనలు, గుడ్డలు ఆరేసుకున్న తాడు, కమ్మీ మీద చేతులాన్చుకుని మా సందులోకి చూస్తున్న ఒక మనిషి, అన్నీ వరసగా దాటిపోయాయి. వీధి కుళాయి దగ్గర బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్ళు తలెత్తి కూడా చూడలేదు. లోపలికొచ్చే ఓడల వాళ్ళు గుట్ట మీద దర్గా వైపు తిరిగి సలాం చేస్తారని మస్తాన్ చెప్పాడు. నేను నోరు తెరుచుకుని అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా నిలబడ్డాను. మా ఊళ్లో చెరువు నిండితేనే పూజలు చేస్తారు, వీళ్ళకి ఇల్లంత ఓడ ఇంటి ముందునుంచి పోతుంటే బిందె నిండిందా లేదా అన్నదే ముఖ్యం.

శనివారం, వల కింద

మస్తాన్ చేతొడుగులు అమ్మే పరిచయంతో పోర్టు గేటు పాసు సంపాదించాడు. గేటు దగ్గరికే వచ్చాడు నూకరాజు. నలభై దాటిన మనిషి, పొట్టి, గట్టి, కాళ్ళు మోకాళ్ళ దగ్గర కొంచెం బయటికి వంగి ఉన్నాయి. నుదుటి మీద గాటు ఉంది. నేను పదేళ్ళుగా ఫొటోలో చూస్తున్న మొహం ఎదురుగా నిలబడి నవ్వుతోంది.

"ఆదోని నుంచొచ్చిన మాస్టారా? రండి బాబూ. ఆదోనిలో సముద్రం నేదా?"

"లేదండీ."

"మరెలగ బతుకుతన్నారు?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

ఓడ పక్కన నిలబడితే తల ఎంత వెనక్కి వాల్చినా పైభాగం కనిపించలేదు. ఎరువు బస్తాలు దింపుతున్నారు. ఓడ పొట్టలో ఉన్న మనుషులు తాళ్ళ వలలో బస్తాలు పేర్చుతారు. క్రేను దాన్ని పైకి లాగి, గాల్లో తిప్పి, ఒడ్డు మీద దింపుతుంది. ఒడ్డున నూకరాజు గ్యాంగు పన్నెండు మంది వల విప్పి బస్తాలు లారీల్లోకి మోస్తారు. పైన కమ్మీ దగ్గర ఒకడు చేతి సైగలతో క్రేను నడిపిస్తున్నాడు. ఎవరూ అరవడం లేదు. ఒక బస్తా భుజానికెక్కేసరికి ఇంకొకడు కింద వంగి ఉంటాడు. వాళ్ళ కాళ్ళు చూస్తే నాకు మంచి ఫార్వర్డు లైను గుర్తొచ్చింది. బంతి ఎక్కడికొస్తుందో ముందే తెలిసినట్టు కదులుతున్నారు. నేను ముగ్ధుణ్ణయిపోయి ఒక్కో అడుగే ముందుకు జరుగుతూ పోయాను.

అప్పుడు క్రేను హారను మోగింది. ఒకటే పొడుగాటి కూత.

పన్నెండు మందీ ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఆగిపోయారు. భుజాన బస్తా ఉన్నవాడు బస్తాతోనే, వంగినవాడు నడుం ఎత్తి. అందరి మొహాలూ పైకి. లారీ డ్రైవరు కూడా తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు. నేను మాత్రం చూడలేదు. కూత వినగానే నా ఒంట్లో ఉన్న ప్రాణమంతా కాళ్ళలోకి వచ్చింది. లారీ అవతలికి పోదామని పరుగు మొదలుపెట్టాను.

రెండడుగులు కూడా వెయ్యలేదు. వెనకనుంచి నా చొక్కా ఎవరో పట్టుకున్నారు. కాలరు నుంచి జేబు దాకా చిరిగింది, నేను వెల్లకిలా పడ్డాను. ఒక కొక్కెం జారి, ఒక పక్కకి ఒరిగిన వల నేను పరిగెత్తబోయిన చోటి మీదుగా ఊగుతూ పోయింది. నాలుగు బస్తాలు జారి దభీమని పడ్డాయి. ఒకటి పగిలి తెల్లటి ఎరువు నా మీద చిమ్మింది. ఒక్క అడుగు ముందుంటే ఈ వ్యాసం రాసేవాడు లేడు.

నేను పడుకున్న చోటునుంచి పైకి చూశాను. నూకరాజు నా చొక్కా పట్టుకున్న చెయ్యి ఒకటే చాచి ఉంది. పాదాలు ఉన్నచోటే ఉన్నాయి. కళ్ళు నా వైపు లేవు. మొహం పైకెత్తి, వల ఎటు ఊగుతుందో చూస్తూ నిలబడి ఉన్నాడు. అది నా ఆరో పుస్తకంలో ఉన్న ఫొటో. అదే మెడ, అదే గడ్డం, అవే నిలబడ్డ కాళ్ళు. చెయ్యి ఒక్కటే తేడా.

రెండు పొట్టి కూతలు మోగాయి. అందరూ కదిలారు.

"పరిగెట్టకూడదు బాబూ," అన్నాడు నూకరాజు నన్ను లేపుతూ. "పొడుగు కూతొత్తే నిలబడిపోవాలి, పైకి సూడాలి. ఎటొత్తందో సూసినాకే కాలు తియ్యాలి. మా గ్యాంగు కట్టుబాటిది. పరిగెట్టినోడే సచ్చిపోనాడు ఎప్పుడూ."

నాకు అతని మాటలు వినిపిస్తున్నాయి గానీ బుర్రలో వేరేది తిరుగుతోంది. నది ఒడ్డున ఆట. నది ఒడ్డున ఏముంటుంది? నా తొమ్మిది పుస్తకాల్లోనూ ఆ ప్రశ్న లేదు.

వంజరం ముల్లు

డ్యూటీ దిగాక నూకరాజు నన్నూ మస్తాన్‌నీ భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. సముద్రం పక్కనే, జాలరిపేటలో, పెంకుటింటి వరస. చిరిగిన నా చొక్కా విప్పించి, తన చొక్కా ఒకటి ఇచ్చాడు. అది నాకు పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. అతని భార్య పోలమ్మ చూసి నవ్వుకుంది.

ఆమె పొద్దున చేపలు అమ్ముకుని వచ్చి వంట చేసిందట. వంజరం పులుసు, నెత్తళ్ళ వేపుడు, వేడి అన్నం. మా ఇంట్లో చేపంటే ఏడాదికోసారి తుంగభద్ర కాలవ నుంచి వచ్చే సంగతి. నెత్తళ్ళు తలతో సహా కరకరా నమిలెయ్యమని నేర్పింది. కంచంలో ఖాళీ కనిపిస్తే ఆమెకి నచ్చదు. మూడోసారి పులుసు పోస్తూ మెల్లగా అడిగింది.

"బాబూ, మీరు మాస్టారు కదా, పత్రికలూ అయీ సదువుతారు. మా ఇంటాయన గురించి ఒక పత్రికలో రాసేరు. ఆకాశంలో నోట్ల కట్టలు కనిపించేయి కాబోలని. అది రాసిన బాబు ఎవరో మీకు తెలుసా?"

ముల్లు నా గొంతులో అడ్డం పడింది. దగ్గుతుంటే ఆమె కంగారుగా అన్నం ముద్ద చేసి ఇచ్చి నమలకుండా మింగమంది. మింగాను. మస్తాన్ తన కంచంలోకి చూసుకుంటున్నాడు. నూకరాజు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపాడు.

"తెలీదమ్మా," అన్నాను.

"తెలిస్తే అడుగుదునని. నాకు సదువు రాదు. పక్కింటి గుంట సదివి వినిపించింది. ఆ రోజు నుంచి బజార్లో నా బుట్ట కాడికొచ్చినోలు కూడా అదే అడుగుతన్నారు. డబ్బుల్ని సూసిన మడుసులమైతే ఇంకా ఈ పెంకుల కిందే ఉంటామా బాబూ?"

ఆ పులుసు ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆ తర్వాత ముద్ద ఒక్కటి కూడా నాకు రుచించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇసుకలో ఆట

సాయంత్రం సముద్రం ఒడ్డున వలలు ఆరేసిన చోటు అవతల మగవాళ్ళు బంతి ఆడుతున్నారు. పడవలు రెండు ఒక గోలు, ఆరేసిన లుంగీలు ఇంకో గోలు. అందరూ వట్టి కాళ్ళే. తడి ఇసుకలో నేను నడవడానికే అవస్థ పడుతుంటే వీళ్ళు పరుగెత్తుతున్నారు. నూకరాజు లుంగీ ఎగ్గట్టి దిగాడు. అతని సగం వయసు వాడొకడు బంతితో దూసుకొచ్చాడు. నూకరాజు పరిగెత్తలేదు. వాడి నడుం వంకే చూస్తూ ఒక్క అడుగు పక్కకి వేశాడు. బంతి అతని పాదం దగ్గరుంది, కుర్రాడు ముందుకెళ్ళి ఇసుకలో బోర్లా పడ్డాడు. అంతే. అలా నాలుగుసార్లు చూశాను. ఇరవై ఏళ్ళుగా ఫుట్‌బాల్ గురించి రాస్తున్న నాకు, బ్యాకు ఆట అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. దండం పెట్టాలనిపించింది.

ఆట ఆగాక పక్కన కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఆ క్వార్టర్ ఫైనల్ ఆడిన గ్రౌండు పక్కన ఏముంది?"

అరికాలికి అంటిన ఇసుక చేత్తో దులుపుకున్నాడు.

"గంగ. గంగ ఒడ్డున సరుకు దింపే జెట్టీ. జెట్టీ మీద క్రేను."

"హారను మోగిందా?"

"పొడుగ్గా మోగింది బాబూ. బంతి నా ఎడమ పక్కకొత్తంది, నాకు తెలుసు. కాళ్ళు నా మాటినలేదు. నిలబడిపోనాను. పైకి సూసేను. పైన ఏటీ నేదు, కాకులున్నాయి."

"మరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"కేప్టెనుకి సెప్పేను. నవ్వీసేడు. ఇంకేదైనా సెప్పరా, కాలు బెణికిందను, ఎండ కళ్ళలో పడిందను, ఇది మాత్రం ఎవుడూ నమ్మడు అన్నాడు. ఒట్టి సాకు నానెందుకు సెప్పాలి? తప్పైపోనాదని రాసిస్తే మళ్ళీ తీసుకుంటామన్నారు. రాయనన్నాను."

"ఎందుకు రాయలేదు? ఒక్క కాగితం ముక్కే కదా."

"నిలబడ్డం తప్పని నానే రాసిస్తే, ఇక్కడ గ్యాంగులో ఎవుడో ఒకడు అది పట్టుకుంటాడు. పైకి సూసినందుకే కదా నూకరాజు ఆట పోనాదని, ఒకనాడు సూడ్డం మానేత్తాడు. ఆడు సచ్చిపోతే ఆ కాగితం ఏం సేసుకుంటాను బాబూ? ఆట పోతే పోనాది."

నేను ఆ మనిషి పక్కన ఇసుకలో కూర్చుని ఉన్నాను. దేశంలోని గొప్ప గొప్ప ఆటగాళ్ళ గురించి అంతా తెలుసనుకున్నవాణ్ణి. అతని పక్కన కూర్చునే అర్హత కూడా నాకు లేదనిపించింది.

ఉక్కునగరంలో ఆదివారం

ముగ్గురం గాజువాక మీదుగా బస్సులో వెళ్ళాం. సబ్బవరం వంకాయల గంపలతో ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ళు దారి పొడుగునా కండక్టరుతో గంపలకి టికెట్టు ఎందుకని వాదించి, చివరికి ఆయన చేతిలో నాలుగు వంకాయలు పెట్టి గెలిచారు. కొండ మలుపు తిరగ్గానే స్టీలు ప్లాంటు కనిపించింది. ఇంకా కడుతున్నారు. పొగ రాని పొగగొట్టాలు, ఆకాశంలో అడ్డదిడ్డంగా క్రేన్లు, ఎర్రమట్టి మీద చీమల్లా మనుషులు. ఇంత పెద్ద వస్తువుని మనుషులే చేస్తున్నారంటే నాకు నమ్మశక్యం కాలేదు. కొత్త క్వార్టర్ల వరసల వెనక గోలు కర్రలు పాతిన ఎర్రమట్టి గ్రౌండు, పక్కన రేకుల షెడ్డు. కమిటీ అందులో కూర్చుంది. ముగ్గురు మనుషులు, ఒక బల్ల, బల్ల మీద మన పత్రిక.

పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకున్న ఫోర్‌మెను, మర్యాదగానే మాట్లాడాడు. "నూకరాజు గారూ, మీ ఆట గురించి మాకు అనుమానం లేదు. కానీ అచ్చులో వచ్చిన మాట ఇది. రేపు మా కుర్రాళ్ళు ఓడితే ఏటంటారు?"

మస్తాన్ నా వంక చూశాడు. నేను లేచాను.

"అది రాసింది నేనండీ," అన్నాను. "ఈయన్ని చూడకుండా, ఆ గ్రౌండు చూడకుండా, ఒక ఫొటో చూసి రాశాను. నవ్వు తెప్పించే వాక్యం దొరికిందని రాశాను. అందులో నిజం లేదు."

తర్వాత శనివారం జరిగింది మొత్తం చెప్పాను. చిరిగిన చొక్కా సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ముగ్గురిలో చిన్నవాడు దాన్ని తిప్పి చూసి అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ, ఇక్కడ రోజంతా క్రేను హారన్లే కదా. మోగినప్పుడల్లా ఆగిపోతే ఇక ఆటేటి నేర్పుతారు?"

అప్పుడు నోరు విప్పాడు నూకరాజు.

"మోగితే ఆట ఆపుతాను. ఆ కుర్రోళ్ళు రేపు పనిలోకెల్లేది కూడా ఆ క్రేన్ల కిందకే కదండీ. బంతి తర్వాత నేర్పుతాను. ముందు నిలబడ్డం నేర్పుతాను."

ఫోర్‌మెను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మిగతా ఇద్దరితో గుసగుసగా మాట్లాడాడు. మూడు నెలలు చూస్తాం, సోమవారం నుంచి రమ్మన్నాడు. మస్తాన్ అక్కడే నూకరాజుని కావలించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బస్సు స్టాపు దాకా ముగ్గురం నడిచాం. ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేనే మాట్లాడాను.

"నూకరాజు గారూ, నిన్న మీ ఇంట్లో అన్నం తింటూ అబద్ధం చెప్పాను."

"తెలుసు బాబూ."

"ఎప్పుడు తెలిసింది?"

"పోర్టు గేటు కాడే. పత్రికలో మీ పేరు కింద ఆదోని అనుంది కదా. నాకు అచ్చరాలొచ్చు. ఆదోని నుంచి ఇంకే మాస్టారొత్తాడు ఇక్కడికి?"

మస్తాన్ నాలుక కరుచుకున్నాడు. నా నడక ఆగిపోయింది. గేటు దగ్గర తెలుసు. వల ఊగింది ఆ తర్వాత.

"అంటే, నా చొక్కా పట్టుకున్నప్పుడు, నేనెవరో మీకు తెలుసా?"

అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "తెలుసు. అయితే ఏటి?" అన్నాడు. తర్వాత తనే మళ్ళీ అన్నాడు: "మా ఆడదానికి మాత్రం మీరే సెప్పండి. నాను సెప్పను."

రైలుకి ఇంకా టైముంది. లేకపోయినా వెళ్ళేవాణ్ణే. పోలమ్మ గుమ్మంలో కూర్చుని చేపల బుట్ట కడుగుతోంది. ఆమె ముందు నేల మీద కూర్చుని, ఆ మాట రాసింది నేనేనమ్మా అన్నాను. ఆమె చేతులు బుట్ట మీదే ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. నా మొహంలోకి చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ మాట ఎంతమంది సదివేరు బాబూ?"

"తెలీదమ్మా. చాలామంది."

"అయితే అంతమందికీ సెప్పండి."

సరేనని మాటిచ్చి వచ్చాను. అప్పుడు చదివి నవ్విన వాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. నూకరాజు ఆకాశంలో డబ్బు చూడలేదు. మనుషుల తల మీదికి బరువేమైనా వస్తోందేమోనని చూశాడు.